నా రబ్బరు స్టాంపులో పట్టని వాక్యం

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆఫీసు కోసం నా సొంత డబ్బుతో చేయించుకున్న వస్తువు ఒక్కటే, ఒక రబ్బరు స్టాంపు. ఆదోని బజారులో స్టాంపులు చేసే ఒకాయన దగ్గర చేయించాను. ‘మీటరు పనిచేయలేదు. గత మూడు నెలల సగటు ప్రకారం బిల్లు వేయవచ్చు’ అని రెండు వరుసలు, కింద నా పొట్టి సంతకానికి కాస్త చోటు. దాన్ని చూసుకుని గర్వపడిన రోజులున్నాయి. ఇప్పుడది మా ఇంట్లో బీరువా మీద, నా డైరీల పక్కన ఉంది. కరెంటు ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి పాత సంగతులు చెప్పమంటారు. పెద్ద పెద్ద తుపానుల కథలు వినాలని వాళ్ల ఆశ. నేను ఈ స్టాంపు కథ చెబుతాను.

నేను కరెంటు స్తంభం ఎక్కిన వాడిని కాదు. బిల్లింగు విభాగంలో లెక్కల అధికారిని. ఆదోనిలో కూర్చుని ఆదోని, ఎమ్మిగనూరు, గోనెగండ్ల, సి.బెళగల్ వైపు ఇళ్ల బిల్లులు చూసేవాణ్ణి. రీడింగు తీసే మనిషి ప్రతి నెలా ఇంటింటికీ వెళ్తాడు. మీటరు తిరగకపోతేనో, కాలిపోతేనో, ఇంటికి తాళం ఉంటేనో ఆ సంగతి మిషనులో కొడతాడు. అలాంటి ఇళ్లన్నీ ఒక జాబితాగా నా బల్ల మీదికి వస్తాయి. రీడింగు లేని ఇంటికి అంచనా మీద బిల్లు వేయాలి. అంతకు ముందు మూడు నెలల వాడకానికి సగటు కట్టి అదే వేస్తాం. నా ముందు పనిచేసిన వాళ్లు ఆ జాబితాను వారాలు నానబెట్టేవారు. నేను స్టాంపు చేయించాక పూటలో అయిపోయేది. పక్క బల్ల దగ్గర కూర్చునే సీనియర్ అసిస్టెంటు స్టాంపు కొట్టే చప్పుడు వినగానే నవ్వేవాడు.

“సార్ మొదలుపెట్టినాడప్పా. మనం టీ తాగి వచ్చేలోపల ఎమ్మిగనూరు అయిపోతాది.”

డైరీల సంగతీ ఇక్కడే చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రోజుకు నాలుగు వరుసలు తప్పకుండా రాస్తున్నాను. ఎక్కడికి వెళ్లాను, ఎవరిని కలిశాను, ఏం తిన్నాను, ఎండో వానో. అందులో కవిత్వం లేదు, మనసులోని మాటలూ లేవు. మా ఆవిడ వాటిని ‘పాలవాడి పుస్తకాలు’ అంటుంది. వాటిలోని ఒక పేజీ ఎప్పటికైనా నా మీదే సాక్ష్యం చెబుతుందని నేను అనుకోలేదు.

రిటైర్మెంటుకు ఏడు నెలలుందనగా, జనవరి చివరలో, ఒక పెద్దామె నా బల్ల దగ్గరకు వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ఎమ్మిగనూరులో నేతపని చేసే ఇల్లు, భర్త పోయి చాలాకాలం. చేతిలో కరెంటు రసీదుల కట్ట. దాన్ని రబ్బరు బ్యాండుతో కాక, నూలుపోగు నాలుగు చుట్లు తిప్పి ముడేసింది. వెంట ఆమె పక్కింటాయన, పరుపులూ దిండ్లూ కుట్టే ముస్లిం మనిషి, చొక్కా మీద ఇంకా దూది అంటుకునే ఉంది.

“సార్, యూనిట్లు కొట్టేసేది ఈడేనా?” అంది ఆమె.

“బిల్లు ఎక్కువ వచ్చిందా అమ్మా?”

“బిల్లు కట్టేసినాను. దాని మాట కాదు. ఆ యూనిట్లు కొట్టేయల్ల.”

ఇలా అడిగిన వాళ్లు అంతకు ముందెవరూ లేరు. అందరూ డబ్బు తగ్గించమంటారు. ఈమె ఎనిమిది నెలల బిల్లులు నోరెత్తకుండా కట్టి, కాగితం మీది అంకె కొట్టేయమంటోంది. సంగతేమిటంటే, నెలకు సగటున మూడు వందల యూనిట్లు దాటిన ఇంటికి పింఛను రాదు. ఆమె మీటరు జూన్‌లో పాడైంది. అప్పటి నుంచి ప్రతి నెలా మూడు వందల పైచిలుకు యూనిట్లు బిల్లులో పడుతూ వచ్చాయి. జనవరి ఒకటో తేదీన పింఛను ఇచ్చే మనిషి ఆమె గుమ్మం దాటి వెళ్లిపోయాడు. వార్డు సచివాలయంలో అడిగితే, నువ్వు కరెంటు ఎక్కువ కాలుస్తున్నావు, పేరు తీసేశారు, అన్నారట.

“ఒక బల్బు, ఒక టీవీ, ఒక ఫ్యాను,” అన్నాడు పరుపులాయన. “మూడు నూర్ల యూనిట్లు ఎట్ల కాలుతాది సార్? మా అక్క అన్నంలో కలుపుకోని తింటాందా కరెంటును?”

నేను కంప్యూటరులో చూశాను. “మీటరు పాడు కాకముందు, మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే మూడు వందలు దాటిందయ్యా. అది మీటరు తిరిగి చూపించిందే. దాని సగటే తర్వాత వేశాం. ఇది రూలు.”

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె తల తిప్పి ఒక్క చూపు చూసింది.

“నువ్వు నోరు మూసుకోప్పా.”

ఆయన మూసుకున్నాడు. తర్వాత చొక్కా మీది దూది గిల్లుకుంటూ, “ఎండాకాలం గదా సార్,” అన్నాడు, నా కళ్లలోకి చూడకుండా.

ఆ రోజు డైరీలో ఆఖరి వరుసగా రాసుకున్నాను: ‘ఎమ్మిగనూరు నేత పెద్దామె. పింఛను పోయింది. ఏదో దాస్తోంది.’ లెక్కల మనిషికి అనుమానం ముందు పుడుతుంది. ఇంట్లో దొంగచాటుగా మరమగ్గం నడిపిందేమో అనుకున్నాను.

ఆ వారమే ఎమ్మిగనూరు వెళ్లాను. అక్కడి సెక్షను ఇంజినీరు, ముప్పై ఏళ్లు నిండని కుర్రాడు, నాతో వచ్చాడు. వీధి చివర పీర్ల చావిడి, దానికి ఎదురుగా ఆమె ఇల్లు. మరమగ్గం లేదు. ముందుగదిలో గుంట మగ్గం, గుంటలో కాళ్లు పెట్టుకుని ఆమె నేస్తోంది. మగ్గం మీద ఒక్క బల్బు. పైన ఫ్యాను ఉంది గానీ రెక్కల మీద దుమ్ము పేరుకుపోయి ఉంది.

“ఫ్యాను వేసుకోవామ్మా?” అన్నాను.

“గాలి కొడితే పోగు ఎండిపోయి తెగుతాది సార్. ఎండాకాలంలో అయినా మగ్గం మీద ఉంటే ఎయ్యము. ఉడుకు ఓర్చుకోవల్ల.”

పది రోజుల కిందట పెట్టిన కొత్త మీటరు గోడ మీద మెల్లగా మినుకుమంటోంది. ఆ వేగంతో పోతే నెలకు నలభై యూనిట్లు కూడా కాలవు. మరి ఆ మూడు నెలలు ఏం కాలింది? ఇంజినీరు పెరట్లోకి తొంగిచూశాడు. అక్కడ బోరు పైపు, మూతికి గోనెపట్ట చుట్టి తాడుతో కట్టి ఉంది.

“మోటరు ఏదమ్మా?”

“జూన్‌లో తీసేసినాము. బోరు ఎండిపోయె.”

“ఎండాకాలమంతా నడిపారా?”

ఆమె మగ్గం మీదికి వంగింది. పోగు తీసుకెళ్లే నాడెను అటు విసిరి ఇటు పట్టుకుంది.

బస్టాండు దగ్గర టీ తాగుతుంటే పరుపులాయన ఆయాసపడుతూ వచ్చాడు. ఆమెకు తెలియకుండా వచ్చాడట.

“సార్, మూడు నెలలు మా వీధి వీధంతా ఆ బోరు నీళ్లే తాగినాము. కుళాయి వారానికి ఒకతూరి గూడా వస్తాలేకుండె. తెల్లారి మోటరు ఏస్తే పొద్దుగూకినంక ఆపుతాండె అక్క. మరి కరెంటు బిల్లు ఆమె ఒక్కతే యాడ కడతాది? నెలాఖరుకు ఇంటింటికీ డబ్బా తిప్పినాము. ఎవురికి చాతనైంది వాళ్లు ఏసినారు. ఆఖరికి ఆ బరువుకే మీటరు కాలింది, బోరు ఎండి మోటరు గూడా కాలింది. మీటరు పాడయినంక వచ్చిన బిల్లులు మాత్రం ఆమే కట్టింది. మేము ఇస్తే తీసుకోలే. ఇప్పుడు మీరు నీళ్లు తాగుతాండారా అంది.”

“మరి ఈ మాట ఆఫీసులో నిన్ను చెప్పనివ్వకుండా ఎందుకు ఆపింది?”

“డబ్బులు తీసుకున్న మాట బయటపడితే నీళ్లమ్మినట్టు కేసు రాస్తారని ఎవురో భయం పెట్టినారు సార్. తీసుకోలేదని సెప్పు అక్కా అంటే, అబద్ధం సెప్పను అంటాది. నిజమూ సెప్పదు, అబద్ధమూ సెప్పదు. ఏం చేయల్ల?”

నేను ఇంజినీరు వైపు చూశాను. ఆ కుర్రాడి ముఖం మారిపోయింది. “డబ్బు తీసుకుని నీళ్లిస్తే వ్యాపారం కింద రాయాల్సొస్తుంది సార్. వెనక నెలలన్నిటికీ కలిపి జరిమానా వడ్డిస్తారు. నాకు తెలిస్తే నేను రాయక తప్పదు. అందుకని నాకు చెప్పొద్దు.” అని, టీ గ్లాసు తీసుకుని పదడుగులు అవతలికి పోయి, అటు తిరిగి నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరిన పిల్లల్లో మంచివాళ్లు ఎలా ఉంటారని ఎవరైనా అడిగితే నాకు ఆ వీపు గుర్తొస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ నియమావళి తీశాను. సగటు వేయమన్న నియమం నాకు నోటికి వచ్చు. నోటికి వచ్చినదాన్ని మళ్లీ చదివే అలవాటు ఎవరికీ ఉండదు. ఆ రోజు చదివాను. మూడు నెలల సగటు అన్న మాట తర్వాత నియమం ఆగలేదు. ఆ మూడు నెలల్లో కరెంటు వాడిన పరిస్థితులూ, మీటరు పాడైన తర్వాతి పరిస్థితులూ ఒకేలా ఉంటేనే ఆ సగటు చెల్లుతుంది. వేరుగా ఉంటే, అంతకు ముందు ఏడాదిలో పరిస్థితులు కలిసే మూడు వరుస నెలలు వెతికి తీసుకోవాలి. వాక్యం కాస్త పొడుగు. నేను సగం చెక్కించి మిగతా సగం పుస్తకంలోనే వదిలేశాను. ఎన్నేళ్లు, ఎన్ని ఇళ్లకు అని లెక్క వేయబోయి ఆగిపోయాను.

పరిస్థితులు వేరని చూపించాలంటే వేసవిలో ఆ మోటరు వీధి కోసం నడిచిందని సాక్ష్యం కావాలి. వీధిలో వాళ్లు చెబితే డబ్బా సంగతి వస్తుంది, నీళ్లమ్మినట్టు అవుతుంది. ఇదే తిరగేస్తూ ఆదివారం పొద్దున్నే డైరీ దుమ్ము దులిపాను. ఏప్రిల్‌లో బకాయిల వసూళ్లకు ఎమ్మిగనూరు వెళ్లిన గుర్తు. పేజీ దొరికింది.

‘ఎమ్మిగనూరు వసూళ్లు. ఎండ విపరీతం. పీర్ల చావిడి ఎదుట నేత పెద్దామె బోరు దగ్గర బిందెల వరుస. జీపు క్యాను నింపుకున్నాం. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. నీళ్లు బాగున్నాయి.’

మొన్న ఆ ఇంటికి వెళ్లినప్పుడు కూడా నాకు ఇది గుర్తు రాలేదు. ఆమె ఇచ్చిన నీళ్లు తాగింది నేనే. ఆ నీళ్ల వల్ల పెరిగిన యూనిట్లను ఎనిమిది నెలలు ఆమె మీద గుద్దిందీ నేనే.

పక్క బల్ల సీనియర్ అసిస్టెంటుకు సంగతి చెబితే గొంతు తగ్గించాడు. “సార్, మీ పింఛను కాగితాలు పైకి పోయే టైము. మీ స్టాంపు తప్పని మీరే చెప్పుకుంటే ఎవరో ఒకరు పాత జాబితాలన్నీ తిరగేయమంటారు. ఆమె పింఛను ఆమె తిప్పలు పడతాది. మీ పింఛను మీరు చూసుకోండి.”

తప్పు మాట కాదు. రెండు రోజులు నేనూ అదే అనుకున్నాను.

మార్చి మొదట్లో వినియోగదారుల ఫిర్యాదులు వినే సంఘం ఆదోనికి వచ్చింది. మా ఆఫీసు హాల్లోనే బల్లలు వేశారు. అధ్యక్షుడు నెమ్మదిగా మాట్లాడే మనిషి, కళ్లద్దాల పైనుంచి చూస్తాడు. ఫిర్యాదు పెట్టుకున్న పెద్దామె రసీదుల కట్టతో వచ్చింది. వెనక కుర్చీలో పరుపులాయన. నేను కూర్చోవలసింది ఆఫీసు తరఫున, ఆమెకు ఎదుటి వైపు.

కాగితాలు చూసి అధ్యక్షుడు సూటిగా అడిగాడు. “వేసవిలో ఇంత కరెంటు ఎందుకు కాలిందమ్మా?”

ఆమె కట్ట మీది నూలుపోగును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. పింఛను పోతే పోయింది గానీ కేసు వద్దనుకుని వెనక్కి తిరిగిపోతుందేమో అనిపించింది. ఉన్నట్టుండి తల ఎత్తింది.

“బోరు మోటరు సార్. మా వీధికి నీళ్లిచ్చినాను.”

“నీళ్లకు డబ్బు తీసుకున్నారా?”

“తీసుకోలే సార్! ఒక్క పైసా తీసుకోలే!” అని వెనకనుంచి పరుపులాయన లేచాడు. “నేను గవాయి, సాక్ష్యం సెప్తా!”

ఆమె వెనక్కి తిరిగింది. “పెద్దమనుషుల ముందర ఏంటికప్పా అబద్ధం? కూర్చో.” మళ్లీ ఇటు తిరిగింది. “తీసుకున్నాము సార్. బిల్లు ఎంతొస్తే అంత. ముగ్గురి ఇండ్లలో మొగోళ్లు వేరే ఊర్లకు కూలికి, సుగ్గికి పోయినారు, వాళ్లను అడగలేదు. వాళ్లది నేనే ఏసుకున్నాను.”

“ఏమైనా మిగిలిందా?”

పరుపులాయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

“ఒక నెల మిగిలింది సార్.”

“ఏం చేశారు?”

“మోటరుకు కొత్త వైరు తెచ్చినాము. పాతది కాలిపోతాండె.”

హాల్లో ఎవరో నవ్వారు. నా పక్కన కూర్చున్న ఇంజినీరు కుర్రాడు పైకప్పు వైపు చూస్తున్నాడు. నేను లేచాను. డైరీ తీసి ఆ నాలుగు వరుసలు చదివాను.

“అంటే ఆ బోరు సంగతి మీకు ఏప్రిల్‌లోనే తెలుసు?” అన్నాడు అధ్యక్షుడు.

“తెలుసు సార్.”

“తెలిసీ సగటు వేశారు?”

“నాకు ఆ సర్వీసు నంబరు తెలుసు సార్. అది ఏ ఇల్లో తెలియదు.”

తర్వాత నియమంలోని రెండో సగం చదివాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఈ భాగం మీ సర్వీసులో ఎన్నిసార్లు వాడారు?”

“ఇదే మొదటిసారి సార్.”

పెద్దామె నన్ను అప్పుడు మొదటిసారిగా పరీక్షగా చూసింది. “ఓ, జీపు సారా!” అంది గట్టిగా. “క్యాను మూత మర్సిపోయి పోతిరి గదప్పా. మా ఇంట్లోనే ఉండాది.”

ఆ మూత కోసం మా డ్రైవరు వారం రోజులు వెతికాడు. అది మాత్రం నా డైరీలో లేదు.

వారంలో ఉత్తర్వు వచ్చింది. వేసవి సగటు కొట్టేసి, అంతకు ముందు శీతకాలం మూడు నెలల సగటుతో బిల్లులన్నీ తిరిగి వేయాలి. ఖర్చు పంచుకుని వీధికి నీళ్లివ్వడం వ్యాపారం కాదు. ఆమె అదనంగా కట్టింది రాబోయే బిల్లుల్లో సర్దాలి. రెండు నెలలు తిరిగాక సచివాలయంలో ఆమె పేరు మళ్లీ ఎక్కింది. ఉత్తర్వు చివర ఇంకో మాట కూడా ఉంది. సగటు వేసిన పాత జాబితాలన్నీ ఆ అధికారే మళ్లీ చూడాలి. సీనియర్ అసిస్టెంటు ఆ కాగితం చదివి నా ముందు పెట్టి, టీ తెప్పించాడు. తర్వాత జాబితాల్లో సగం తన బల్ల మీదికి లాక్కున్నాడు.

మిగిలిన నెలలు అదే పని. గోనెగండ్ల వైపు, ఇంటిల్లిపాదీ సుగ్గికి పోయి తాళం పడిన ఇళ్లకు కూడా మనుషులున్నట్టు సగటు పడుతూనే ఉంది. సి.బెళగల్‌లో ఒకాయన ఇల్లు కట్టుకునేటప్పటి వాడకాన్ని ఇల్లు పూర్తయ్యాక కూడా మోస్తున్నాడు. ఒక్కో ఇంటికి ఫోను చేసి, అప్పుడు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది అని అడిగేవాళ్లం. ఆ ప్రశ్నకు జవాబు రెండు వరుసల్లో వచ్చిన ఇల్లు ఒక్కటీ లేదు.

ఒకరోజు స్టాంపులాయన దగ్గరకు వెళ్లి నియమం మొత్తం కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన స్కేలు పెట్టి కొలిచాడు.

“ఇంత పొడుగు వాక్యం స్టాంపులో పట్టదు సార్. కొంచెం కోసేద్దామా?”

“వద్దులే నాయనా,” అన్నాను.

పెద్దామెను చివరిసారి చూసింది మే నెలలో, రిటైర్మెంటుకు మూడు నెలల ముందు. ఉత్తర్వు వచ్చిన రోజున ఆమె నన్నొక ప్రశ్న అడిగింది. “బోరులో మళ్లా ఊట వచ్చింది, మోటరు గూడా బాగు చేయించినాము. ఎండలు ముదురుతాండాయి. మోటరు ఏస్తే యూనిట్లు పెరిగి పింఛను పోతాది, ఏకుంటే వీధి ఎండుతాది. ఎయ్యల్లనా వద్దా సార్, మీరే సెప్పండి.” నియమావళిలో చూసి చెబుతానని పంపించాను. ఆ బాకీ నన్ను తొలుస్తూనే ఉంది. అందుకని ఎమ్మిగనూరులో పని పడ్డప్పుడు ఆ వీధిలోకి వెళ్లాను.

మోటరు చప్పుడు దూరం నుంచే వినపడింది. బిందెల వరుస అలాగే ఉంది. పెద్దామె చెంబుతో నీళ్లు ఇచ్చింది, క్యాను మూత కూడా ఇచ్చింది. తాగుతూ యథాలాపంగా తల ఎత్తాను. మోటరు వైరు ఆమె ఇంట్లోకి పోలేదు. గోడ మీదుగా పరుపులాయన ఇంట్లోకి పోయింది.

“ఈ నెల ఆయనది,” అంది ఆమె నా చూపు పట్టుకుని. “పోయిన నెల చివరింటి వాళ్లది. వచ్చే నెల నాది.”

ఒక ఇంటి మీటరు నుంచి ఇంకో ఇంటికి వైరు లాగడం తప్పు. ఏ సెక్షను కింద తప్పో, ఎంత వడ్డిస్తారో నాకు నోటికి వచ్చు. లెక్కల బుద్ధి కాబట్టి నిలబడే మనసులో సగటు కట్టాను. నెలకొక ఇల్లు చొప్పున తిప్పితే ఏడాది సగటులో ఏ ఇల్లూ మూడు వందలు దాటదు. లెక్క సరిగ్గా ఉంది. నేను వేసినా అంతకన్నా బాగా వచ్చేది కాదు.

“ఇంకొంచెం పోయల్లనా సార్?” అన్నాడు పరుపులాయన, గోడ అవతలనుంచి కాస్త భయంగా.

“పొయ్యి,” అన్నాను.

ఇప్పుడు ఆ వీధికి కుళాయి సరిగ్గా వస్తోంది, ఆ మోటరూ ఆ వైరూ లేవు, కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు సాయంత్రం మాత్రం డైరీలో మూడు వరుసలే రాశాను. ముప్పై నాలుగేళ్లలో నాలుగో వరుస ఖాళీగా ఉన్న పేజీ అదొక్కటే.

‘ఎమ్మిగనూరు వెళ్లాను. ఎండ విపరీతం. నీళ్లు బాగున్నాయి.’